పులివెందుల కుంట నివ్వరి

జమ్మలమడుగులో బదరీనారాయణను పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. గడ్డి శెట్టి అంటేనే అందరికీ తెలుస్తుంది. ప్రొద్దుటూరులో వాళ్లన్నది మంచి బట్టల అంగడి. తమ్ముడు కూడా అక్కడే కూర్చుని బట్ట చించి ఉంటే ఎవరూ ఒక మాట అనేవాళ్లు కారు. ఈయన బాపట్లకు పోయి వ్యవసాయం చదివి, జమ్మలమడుగు పక్కన సర్కారు విత్తనాల తోటలో చిన్న ఉద్యోగానికి చేరాడు. చేరినవాడు మంచి వరి గురించో పత్తి గురించో మాట్లాడినా సరిపోయేది. కుంటల్లోనూ కాలవ గట్ల కిందా ఎవరూ విత్తకుండా మొలిచే నివ్వరి వెంట పడ్డాడు.

నివ్వరి అంటే అడవి వరి. మళ్లో మొలిస్తే రైతు పీకి గట్టున పారేస్తాడు. గింజకు పొడుగాటి మీసం ఉంటుంది. పండీ పండకముందే, చెయ్యి తగిలితే చాలు, రాలి నీళ్లలో పడుతుంది. బురదలో దాక్కుని మళ్లీ వానకు అక్కణ్ణుంచే లేస్తుంది. మనిషికి చిక్కకుండా బతకడం దానికి దేవుడు నేర్పిన విద్య.

"మన వరిని తాతల కాలం నుంచీ సాకి సాకి మెత్తగా చేసినాం. ఒక్క తడి తప్పితే తల వాల్చేస్తాది. ఇది ఎవురి సాకుడూ లేకుండా బతికింది. ఎట్ల బతికిందో దాన్నే అడగాల" అనేవాడు బదరీనారాయణ. వినేవాళ్లు మర్యాదగా తలూపి, వీధి మలుపు తిరిగాక నవ్వుకునేవాళ్లు.

ఆయనకు పెళ్లయి భార్య తొందరగానే పోయింది. పిల్లల్లేరు. ఇంట్లో తల్లి గౌరమ్మ, ఆయన, అంతే. గౌరమ్మకు ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాదే భర్త పోయాడు. ఆయన జబ్బుపడి మంచంలో ఉన్నప్పుడు, ముట్టుకోకూడని దినాల్లో తాను గంజి కాచి తాగించాననీ, ఆ దోషమే ఆయన్ను తీసుకుపోయిందనీ ఆమె మనసులో ఒక ముల్లు నాటుకుంది. ఎవరు ఎన్ని చెప్పినా అది ఊడి రాలేదు. పురోహితుడు ఋషిపంచమి వ్రతం పట్టమన్నాడు. ఏడేళ్లు పడితే ఆ దోషం పోతుందన్నాడు. ఆమె పట్టింది.

వినాయక చవితి మరునాడు ఆ వ్రతం. ఆ దినం నాగలి తాకిన నేలలో పండింది నోట పెట్టకూడదు. ఎద్దు కష్టం కలిసిన మెతుకు పనికిరాదు. దానంతట అది మొలిచిన నివ్వరి గింజ దంచి, గుప్పెడు వండుకుని, పెరటి ఆకుకూరతో తిని ఊరుకోవాలి. జమ్మలమడుగు వంటి ఊర్లో నివ్వరి ఏ అంగట్లో దొరుకుతుంది? ఆ సాయం పక్కింటి మాబున్ని చేసేది.

మాబున్ని భర్త ఇస్మాయిల్ నాపరాళ్ల గనిలో పని చేస్తాడు. ఏటా కార్తీకంలో, మంచు పదనుకు గింజ చెదరకుండా ఉండే తెల్లారుజామున, ఆమె చీర చెక్కుకుని కుంటలో మోకాలి లోతుకు దిగేది. వెన్ను కింద చేట పట్టి మెల్లగా తట్టేది. అలా రాల్చుకొచ్చిన గింజను భాద్రపదం దాకా దాచి, గౌరమ్మ అరుగు మీద పెట్టి దూరంగా నిలబడేది.

"మీ దేవుడు మా చేతి గింజ తింటాడో లేదో శెట్టెమ్మా."

"గింజకు అంటు ఏందే? రాల్చినావు గానీ వండినావా ఏంది. కూచో, కాఫీ తాగి పో" అనేది గౌరమ్మ.

కొడుకుకు ఈ నివ్వరి పిచ్చి పట్టింది అక్కడేనేమో. అరుగు మీద పోసిన గింజలో ఒక ఏడు నల్ల మీసాలు, ఒక ఏడు ఎర్ర మీసాలు కనిపించాయి ఆయనకు. ఈ ఎర్రది ఏ కుంటది అక్కా అని అడిగాడు. ఆ అడగడంతో మొదలై, ఆదివారం వస్తే చాలు కుంటల వెంట తిరిగేవాడు. ప్రొద్దుటూరు కాలవ పక్కన ఒక నివ్వరి దొరికింది. నీళ్లకు కొదవ లేని చోటు కాబట్టి నిదానంగా, పొడుగ్గా పెరిగి కార్తీకం వెళ్లాక పండేది. జమ్మలమడుగు కుంటది మధ్యరకం. పులివెందుల పక్క పల్లెలో ఒక చిన్న కుంట ఉంది. వాన పడితే నాలుగు దినాలు నిండి, ఎండ కొడితే ఎండిపోయే కుంట. దాంట్లో ఒక మూల ఎర్ర మీసాల పొట్టి నివ్వరి ఉండేది. అది నీళ్లున్న ఆ కొన్ని దినాల్లోనే మొలిచి, ఈని, గింజ రాల్చి ముగించేది. తొందర ఎరిగిన గింజ.

తొందర ఆ కుంటదా, గింజదా? అది తేల్చుకోవాలని ఆయన తోటలో ఒక మడి దున్నించి, మూడింటినీ ఒకే దినం పక్కపక్కన విత్తాడు. నీళ్లు ఒకటే, మన్ను ఒకటే. అన్న అంగట్లో మిగిలిన పలచటి గుడ్డ ముక్కలు తెచ్చి, రాలకుండా వెన్నులకు సంచుల్లాగా కట్టాడు. తోటకు వచ్చిన ఆడకూలీలు చూసి, గడ్డికి టోపీలు కుట్టించినాడని పగలబడి నవ్వారు. పులివెందుల గింజ మాత్రం అన్నిటికంటే ముందే ఈనింది. పక్కన నిండుగా నీళ్లున్నా ఆగలేదు. చోటు మారినా దాని గుణం మారలేదు. బదరీనారాయణ ఆ దినం మడి గట్టు మీద కూర్చుని ఊరి దేవుడు నారాపురస్వామికి మనసులో దండం పెట్టుకున్నాడు. ఈ గుణాన్ని మన వరికి ఎక్కించగలిగితే, కరువు ఏట కూడా రాయలసీమ రైతు నాలుగు మెతుకులు కళ్లజూస్తాడు. అది తన చేతిలో అయ్యే పని కాదు, పెద్ద చోట, పెద్ద చదువులవాళ్లు చేయాలి. తన పని ఆ గింజను వాళ్లకు చేర్చడం.

పై అధికారి జీపులో వచ్చినప్పుడు చూపించాడు. ఆయన అరచేతిలో గింజలు దొర్లించి చూశాడు.

"ఈ చిటికెడు పంపితే ఎవరు పట్టించుకుంటారయ్యా? వచ్చే ఏడు ఇంకా వేసి, ఒక శేరు చేసి ఇవ్వు. అప్పుడు పంపుదాం."

అదీ న్యాయంగానే తోచింది.

ఆ ఎండాకాలం పులివెందుల పల్లెలో శ్రమదానమని కుంట పూడిక తీయడం మొదలుపెట్టారు. సంగతి తెలిసి బదరీనారాయణ బస్సెక్కి ముద్దనూరు మీదుగా పోయాడు. పోయేసరికి ఊరంతా కుంటలోనే ఉంది. ఆడవాళ్లు తట్టలు మోస్తున్నారు, బండ్లు మన్ను తోలుతున్నాయి. ముందు నిలబడి చేయిస్తున్నది రామాంజులు అనే పెద్దరైతు.

"రామాంజులన్నా, ఆ పడమటి మూల ఒక్కటి వదిలేయండి. రెండు మంచాలంత చోటు చాలు."

"ఎందుకప్పా?"

"ఆడ నివ్వరి ఉండాది."

రామాంజులు పార నేలకు ఆనించి నిలబడ్డాడు. "గొడ్లకు తాగను నీళ్లు లేక కుంట తవ్వుకుంటాంటే, గడ్డికోసరం మూల వదలమంటావా శెట్టీ?"

"వదుల్లే మామా, ఆ గడ్డితో శెట్టికి లగ్గం కుదిరిందేమో" అంది తట్ట మోస్తున్న ఒకామె. అందరూ నవ్వారు. బదరీనారాయణ కూడా నవ్వాడు. ఏం చేస్తాడు?

రామాంజులు దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "నీ మాట తీసేయాలని కాదప్పా. ఆ మూలే పల్లం. అది వదిలితే కుంట తవ్వీ తవ్వనట్టే. నువ్వే చెప్పు."

రామాంజులు చెప్పింది నిజమే. వాళ్లు బదరీనారాయణను చెట్టు నీడన కూర్చోబెట్టి అంబలి పోశారు. నంజుకోవడానికి ఎర్రగడ్డ ఒకటి చితగ్గొట్టి ఆకులో పెట్టారు. అంత మర్యాద చేసినవాళ్ల ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం బాగుండదనిపించి, పొద్దు వాలేదాకా ఆయనా తట్ట మోశాడు. పడమటి మూల మన్ను కూడా మోశాడు. ఆ మన్ను బండ్లలో శనక్కాయ చేలకు పోయింది. నీళ్లల్లో పుట్టే గింజ నీళ్లు నిలవని ఆ గరప చేలల్లో బతకదని ఆయనకు తెలుసు.

ఇక మిగిలింది, మడిలో పండించి దాచిన గింజ. ముంగారు వానలు ఆ ఏడు మొగం చాటేశాయి. తోట బావి అడుగంటింది. అయినా ఒకనాడు మబ్బు పట్టిందని ఆశపడి సగం గింజ విత్తాడు. మొలకలు వేలెడు లేచి మాడిపోయాయి. మిగిలిన సగం, రెండు గుప్పిళ్లకు కొంచెం ఎక్కువ, గుడ్డలో మూట కట్టాడు. తోట గిడ్డంగిలో చెదలు. ఇంట్లో పెడదామంటే పొయ్యి మీద కట్టనివ్వదు తల్లి, వంటింటి మడి ఆచారం కదా. పొగ తగలకపోతే పురుగు పడుతుంది. కాబట్టి మాబున్ని ఇంటికి తీసుకుపోయాడు.

అంతకుముందు నెలే మాబున్ని వ్రతానికని దాచిన నివ్వరి కుండను ఎలుకలు ఖాళీ చేశాయి. అది ఏడో ఏడు, వ్రతం తీర్చుకునే ఏడు. కుంటలన్నీ ఎండి ఉన్నాయి, వెతికినా దొరకదు. పాపం, ఆమె నలగని దినం లేదు. గౌరమ్మ ఎదురుపడితే పక్క సందులో తిరిగిపోయేది.

"అక్కా, దీన్ని పొయ్యి మీద పొగ తగిలేతట్ల కట్టిపెట్టు. శానా భద్రం. ఇవే మిగిలినాయి" అన్నాడు బదరీనారాయణ.

మాబున్ని మూట విప్పి చూసింది. ఆమె మొగం విప్పారింది. "నివ్వరి కదప్పా."

"ఊ. అమ్మకు చెప్పొద్దు."

"నేనెందుకు చెప్తా" అని ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఎందుకు నవ్విందో ఆయన ఆలోచించలేదు. ఆయన మనసులో వేరే బాధ ఉంది. తల్లికి గింజ లేదు, తన దగ్గర ఉంది. ఉందని తెలిస్తే ఆమె అడగదు గాని, అడగనందుకు తాను ఇవ్వకుండా ఉండలేడు. అయితే ఇది దున్నిన మళ్లో పండిన గింజ. ఎద్దు కష్టం కలిసింది. వ్రతానికి చెల్లదు. ఆ సాకు దొరికినప్పుడు ఆయనకు హాయిగా అనిపించింది. హాయిగా అనిపించినందుకు వెంటనే సిగ్గేసింది.

"నువ్వేం దిగులుపడాకమ్మా. పనిమీద పులివెందుల దిక్కు పోతాండా. యాడన్నా ఒక గుంతలో దొరక్కపోదు, తెస్తా" అని చవితికి ముందు బయలుదేరాడు.

చక్రాయపేట దాకా తిరిగాడు. అడిగిన ప్రతి పల్లెలోనూ మనిషి తోడు వచ్చి కుంట చూపించారు. ఒక ముసలాయన తన చెప్పులు విడిచి ఇచ్చి, ముళ్లున్నాయి వేసుకోమన్నాడు. కుంటల్లో పగిలిన బురద తప్ప ఏమీ లేదు. చవితినాడు బస్సు లేదు. పంచమినాడు పట్టుకున్న బస్సు ముద్దనూరు దాటాక ఆగిపోయింది. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం తిరిగింది. వట్టి చేతులతో తల్లి మొగం ఎలా చూడాలా అని గడప ముందు కాసేపు నిలబడ్డాడు.

లోపల గౌరమ్మ ఎదురొచ్చింది. తలంటుకున్న వెంట్రుకలు ఇంకా తడిగానే ఉన్నాయి. భర్త పోయిన తర్వాత ఆమె మొగంలో అంత వెలుగు ఆయన చూడలేదు.

"వచ్చినావా నాయనా. కాళ్లు కడుక్కో. అంతా తీరిపోయింది. అయ్యవారు ఇప్పుడే పోయినాడు."

"గింజ లేదు కదమ్మా?"

"దొంగా. దాచిపెట్టి నన్నే అడుగుతాండావా?" గౌరమ్మ నవ్వింది. "నిన్న పొద్దుగూకేదాకా నీకోసరం చూసి, నువ్వు రాకపోయేసరికి మాబున్ని తెల్లారేటప్పటికి మూట తెచ్చి అరుగు మీద పెట్టింది. శెట్టెమ్మా, నీ కొడుకు నీకు తెలీకుండా దాచిపెట్టినాడు, ఇంక నేను ఆగను అనింది. ఎర్రగా, ఎంత బాగుండాయిరా గింజలు. నా చేత్తోనే దంచుకున్నా."

"అంతానా అమ్మా?"

"రెండు గుప్పిళ్లే కదా. ఒక్క మెతుకు కింద పడనీలేదు. నీకు ప్రసాదం తీసిపెట్టినా."

విస్తరి వేసి, మధ్యలో చిన్న ముద్దంత ఎర్రటి అన్నం పెట్టింది. పక్కన ఆకుకూర. ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసురుతూ చెప్పింది. "ఏడేండ్లుగా రాత్రి కన్ను మూస్తే మీ నాయన గంజి గ్లాసు పట్టుకుని కనపడేవాడు. నీకెప్పుడూ చెప్పలేదు. ఈ పొద్దు ఆ గింజ నోట్లో పెట్టుకోంగానే ఏందో బరువు దిగినట్లయింది. ఇంక నాకు భయం లేదు బదరీ."

ఆయన నోటిదాకా ఒక మాట వచ్చింది. అమ్మా, అది దున్నిన మళ్లోది. ఆ ఒక్క మాట చాలు, ఏడేళ్లూ బూడిదవుతాయి. మళ్లీ మొదటి నుంచి పట్టడానికి ఆమెకు ఓపిక ఎక్కడిది, ఆయుష్షు ఎక్కడిది? ఆయన ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. కొంచెం తియ్యగా ఉంది. ఇంతకుముందు తాను ఎప్పుడూ దాని రుచి చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"ఎట్లుంది?"

"బాగుందమ్మా."

తిన్నాక పెరట్లోకి పోయి, నలగని గింజ ఒక్కటన్నా మిగిలిందేమోనని రోటి చుట్టూ చూశాడు. ఊక లేదు, కోళ్లకని మాబున్ని ఎత్తుకుపోయినట్టుంది. మాబున్ని ఇంటి ముందు కోళ్లు గెలుకుతూ ఉన్నాయి, కాళ్ల కింద ఎర్ర మీసాలు మెరుస్తున్నాయి. కూర్చుని వేళ్లతో ఊక చెదరగొట్టాడు. ఒకటి నిండుగా కనిపించింది. నొక్కి చూస్తే తాలు. ఇంకొకటీ అంతే.

మాబున్ని బయటికి వచ్చింది. "ఏందప్పా, ఏమన్నా పోగొట్టుకున్యావా?"

"లేదక్కా. ఊరికే."

ఆమె కాసేపు ఆయన మొగంలోకి చూసింది. "నువ్వు వచ్చినంక నీ చేత్తో ఇద్దువని ఆపినా. రాకపోతివి. అమ్మ ఉపాసం కూచోనుంది, చూడలేకపోయినా. నేనేమన్నా తప్పు చేసినానా?"

ఎలుకలు తిన్న కుండ కోసం ఎన్ని దినాలు ఏడ్చిందో ఆయనకు తెలుసు. "లేదక్కా. నువ్వు తెచ్చియ్యకపోతే అమ్మ వ్రతం ఆగిపోయేది" అన్నాడు. అది నిజమే. అబద్ధం ఆడకుండా ఆమెకు చెప్పగలిగింది అదొక్కటే. మాబున్ని లోపలికి పోయి మూట గుడ్డ తెచ్చి ఇచ్చింది. ఉతికి, ఆరవేసి, మడత పెట్టింది.

తర్వాత పెద్ద వానలు వచ్చాయి. పులివెందుల కుంట గట్టుదాకా నిండింది. మన్ను తోలిన చేలల్లో ఏమన్నా లేచిందేమోనని పోయి చూశాడు. ఆయన చేను చేనూ వంగి తిరగడం చూసి, ఊరివాళ్లు జాలిపడి తామూ వెతకడం మొదలుపెట్టారు. ఊదగడ్డి తెచ్చి ఇదేనా శెట్టీ అన్నారు. గరిక తెచ్చి అడిగారు. లగ్గం మాట అన్న ఆమె కూడా ఒక మొలక మట్టితో పెళ్లగించి, కొంగులో పెట్టుకుని అర మైలు నడిచి వచ్చింది. అది కొర్ర. "ఇది కాదులేమ్మా" అన్నాడు. "మేము తవ్వకుండా ఉండాల్సింది" అన్నాడు రామాంజులు. గట్టున గొడ్లు నీళ్లు తాగుతున్నాయి. "అట్ల అనాకన్నా" అన్నాడు బదరీనారాయణ.

పై అధికారి వచ్చి గింజ ఏదయ్యా అని అడిగాడు.

"లేదు సార్. తినేసినాం."

అధికారి హాస్యమనుకున్నాడు. తర్వాత కాదని గ్రహించి, "పోనీలే, అడవి గింజే కదా, ఇంకో కుంటలో దొరకదా?" అన్నాడు. ఇంకో కుంటది అది కాదని బదరీనారాయణ చెప్పబోయాడు. ఒకే మడిలో పక్కపక్కన విత్తిన సంగతి ఎత్తుకున్నాడు. అధికారి అప్పటికే కొత్త రకం వరికి ఆ మడి ఖాళీ చేయించమని మేస్త్రీకి పురమాయిస్తున్నాడు.

గౌరమ్మ తర్వాత చాలాకాలం బతికింది. రాత్రిళ్లు ఆమెకు నిద్ర పట్టేది. ప్రొద్దుటూరు అమ్మవారిశాల గుడికి పోయినప్పుడల్లా పదిమంది ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని, కరువు ఏట దేవుడు తనకు నివ్వరి ఎలా పంపాడో చెప్పేది. సాయిబుల పిల్ల మాబున్ని పేరు ముందు చెప్పి, తర్వాత కొడుకు పేరు చెప్పేది.

"అంత కరువులో యాడ దొరికిందే గౌరక్కా?" అని ఒకామె అడిగింది ఒకసారి.

"వాణ్ణే అడుగు. యాడిది నాయనా అది?"

బదరీనారాయణ తల ఎత్తలేదు. "పులివెందుల కుంటదమ్మా. దానంతట అదే మొలిచింది."

"అట్లా చెప్పు. నాగలి ఎరగని గింజ" అని గౌరమ్మ చేతులు జోడించింది.

ఆయనా జోడించాడు. దున్నిన దోషం ఏదన్నా ఉంటే అది తనకే తగలాలనీ, ఆమెను అంటకూడదనీ వేడుకున్నాడు. అది అడగడం ఆయనకు చాతనయింది. పోయిన ఆ గింజ సంగతి ఏమని అడగాలో మాత్రం ఆయనకు తెలియలేదు.